పూచీకత్తు పక్కింటామె

పరకాల, నర్సంపేట వైపు ఊళ్లలో ఆడవాళ్లకు కాగితాలు కుదువ పెట్టకుండా అప్పు పుట్టడం కష్టమేం కాదు. గ్రూపు కడితే చాలు, మైక్రోఫైనాన్స్ కంపెనీ, అంటే చిన్న అప్పులిచ్చే ఫైనాన్స్ కంపెనీ, ఇస్తుంది. ఒకామె కిస్తీ కట్టకపోతే మిగతావాళ్లు వేసుకోవాలి. అంటే కంపెనీ కుదువ పెట్టుకున్నది పక్కింటామెనే. వసూలు పని వాడకట్టే చేసిపెడుతుంది. వడ్డీ కంటే ముందు మా అభ్యంతరం దీనిమీద.

వడ్డీ సంగతికొస్తే, ఫ్లాట్ 12 శాతం అంటే చవకగానే వినిపిస్తుంది. 10,000 తీసుకుని వారానికి 224 చొప్పున 50 వారాలు కడితే 11,200. అసలు వారం వారం తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొత్తం పదివేల మీదే. ఏడాదిలో సగటున ఆమె దగ్గరున్నది అయిదువేల చిల్లరే కాబట్టి నిజం రేటు దాదాపు 24 శాతం. ఫీజు, ఇన్సూరెన్సు ముందే పట్టుకుంటే ఇంకా ఎక్కువ.

అసలు చిక్కు పంట కాలంతో. పత్తి పైసలు వరంగల్ ఎనుమాముల మార్కెట్ నుంచి ఇంటికొచ్చేది దసరా దాటాకే. కిస్తీ మాత్రం విత్తనం వేసే జూన్‌లోనూ ఆగదు. అందుకే ఒక కంపెనీ కిస్తీకి ఇంకో కంపెనీలో అప్పు.

2010 అక్టోబరులో ఉమ్మడి రాష్ట్రం ఆర్డినెన్సు తెచ్చి వారం కిస్తీని నెలకు మార్చింది. అది చట్టమైంది. కానీ రిజర్వు బ్యాంకులో నమోదైన ఫైనాన్స్ కంపెనీలకు వర్తించదని 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు తేల్చింది. ఇప్పుడు చేతిలో ఉన్నవి రిజర్వు బ్యాంకు 2022లో తెచ్చిన నిబంధనలు. ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయమున్న ఇంటికి కిస్తీలన్నీ కలిపి నెల రాబడిలో సగం దాటొద్దు. ముందే తీర్చేస్తే జరిమానా లేదు. ఆలస్యమైతే జరిమానా ఆగిన మొత్తం మీదే. ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత వసూలుకు ఫోన్లు, రాకపోకలు కుదరవు. చుట్టాలను వేధించడమూ తప్పే.

ఊరికి దూరంగా ఉండి డబ్బు పంపి ఇంట్లో ఆడవాళ్ల అప్పు ఒకటి మూయించే ముందు వాళ్లను ఫ్యాక్ట్ షీటు, అంటే కంపెనీ ఇచ్చే అప్పు వివరాల కాగితం, అడగండి. అప్పు తీసుకున్నామెకు అర్థమయ్యే భాషలో ఇవ్వాల్సిందే, అందులో ఏడాది వడ్డీ రేటు రాసి ఉంటుంది. అన్ని కంపెనీల కిస్తీలు ఒక కాగితం మీద వేయించండి. మూసిన అప్పుకు క్లోజర్ లెటర్ (అప్పు తీరిందని కంపెనీ ఇచ్చే కాగితం) తీసుకోకపోతే పాత బాకీ అప్పుల రికార్డులో మిగిలిపోవచ్చు, రేపు పొదుపు సంఘం ద్వారా బ్యాంకు అప్పుకు వెళ్లినప్పుడు అదే అడ్డొస్తుంది. గ్రూపులో మిగతా నలుగురి బాకీ ఎంతుందో కూడా కనుక్కోండి, మీ ఇంట్లో ఆమె తనది తీర్చినా వాళ్లది మీదపడొచ్చు.