కేబుల్ నట్టు కంటే ముందు షూలు సర్దాలి
హ్యాండ్‌బ్రేక్ పట్టకపోతే, లీవరు నుంచి వెనక చక్రాలకు వెళ్లే కేబుల్ నట్టు బిగిస్తే చాలని హ్యాండ్‌బ్రేక్ మరమ్మతు గురించిన ఒక వ్యాసంలో రాశారు. పాత బొలెరో పికప్‌లాంటి వెనక డ్రమ్ము బ్రేకుల బండికి అది తలకిందుల పద్ధతి. షూలు (డ్రమ్ము లోపల ఒత్తుకుని చక్రాన్ని ఆపే ముక్కలు) అరిగి డ్రమ్ముకి దూరమైనప్పుడు నట్టు బిగిస్తే కేబుల్ ఎప్పుడూ లాగుడు మీదే ఉంటుంది, షూలు రాసుకుని డ్రమ్ములు వేడెక్కుతాయి. కొత్త కేబుల్ వేసినా సరే, నట్టు పూర్తిగా వదులు చేసి, చక్రం చేత్తో తిప్పితే కాస్త రాసుకునేంతవరకు ముందు షూలు సర్దాలి, ఆ తర్వాతే నట్టు. లీవరు దించితే రెండు చక్రాలూ పట్టేయకుండా చేత్తో తిరగాలి. పాత కేబుల్ తీసేటప్పుడు అసలు తిప్పలు బ్యాక్‌ప్లేట్ (డ్రమ్ము వెనక షూలు బిగించి ఉండే రేకు) దగ్గరే: కేబుల్‌ తొడుగును పట్టి ఉంచే స్ప్రింగు రేకులు తుప్పుతో బిగుసుకుపోతాయి. స్క్రూడ్రైవర్‌తో పొడవొద్దు, విరుగుతాయి. సరిపోయే రింగ్ స్పానర్‌ను డ్రమ్ము లోపలివైపు నుంచి వాటిమీదికి తొడిగితే అన్నీ ఒకేసారి ముడుచుకుని తొడుగు బయటికి వచ్చేస్తుంది. కొత్తది ఎక్కించేముందు పాతదాని పక్కన పెట్టి పొడవు చూడండి. క్లిప్పులన్నీ పాత దారినే వేయండి. సైలెన్సర్ పైపుకి తగిలితే తొడుగు కరిగి లోపలికి నీళ్లు దిగుతాయి. కేబుళ్లు ఎక్కువగా తెగేది అలా లోపల తుప్పు పట్టే. ఇంకో మాట, హ్యాండ్‌బ్రేక్ పనిచేయని బండి కాబట్టి జాకీ పెట్టేముందే ముందు చక్రాలకు రెండువైపులా దిమ్మలు వేయాలి. వ్యాసంలో ఆ ఊసే లేదు.