నోవాకు ముహూర్తం పెట్టకండి

"ఉత్తర కిరీటంలోని టీ కరోనా బొరియాలిస్ సరిగ్గా 80 ఏళ్లకోసారి పేలుతుంది. 1866, 1946 అయ్యాయి, మళ్లీ వంతు వచ్చింది. ఫలానా రాత్రి ఆకాశం పట్టపగలులా వెలుగుతుంది, ఆ తార అంతమైపోతుంది." కొన్నేళ్లుగా ఫోన్లలో తిరుగుతున్న ఈ సందేశంలో తార పేరు, ఆ రెండు సంవత్సరాలు నిజం. ఇది నోవా, అంటే ఉన్నట్టుండి పేలి కొన్నాళ్లు వెలిగి మళ్లీ మసకబారే తార. మిగతాదేదీ నిలబడదు.

ముందు ఆ "సరిగ్గా" సంగతి చూద్దాం. ఖగోళ పరిశీలకులు కళ్లారా చూసి కాంతిని అంచనా కట్టిన పేలుళ్లు రెండే: 1866 మే, 1946 ఫిబ్రవరి. రెండు పేలుళ్ల మధ్య ఉండేది ఒకే ఒక్క విరామం. అది చూసి కాలచక్రం ప్రకటించడం లెక్క అనిపించుకోదు. 1217లోనూ 1787లోనూ ఇది పేలిందని పాత రాతల ఆధారంగా వాదన ఉంది. ఒప్పుకున్నా, ఆ రెంటి నడుమ 570 ఏళ్లు ఏం జరిగిందో చెప్పే ఆధారం లేదు.

రెండు విరామాలు ఒకేలా వచ్చినా నమ్మడానికి లేదని డబ్ల్యూజెడ్ సాజిటే అనే మరో తార చూపించింది. అది 1913లో, 1946లో, 1978లో పేలింది. దాదాపు 33 ఏళ్లు, మళ్లీ దాదాపు అంతే. తరువాతిది 2010 ప్రాంతంలో రావాలి. కానీ 2001 జులైలోనే, 23 ఏళ్లకే వచ్చింది. లెక్క నమ్మి అందరూ అటు చూడడం మానేసి ఉంటే దాని తొలి గంటలు చేజారిపోయేవి. ఇది మరుగుజ్జు నోవా, పేలుడు విధానం వేరు. అయినా సగటును గడువుగా తీసుకుంటే ఏమవుతుందో ఇంతకన్నా స్పష్టంగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు.

విధానం కూడా ఒకటే కావాలంటే టీ పిక్సిడిస్ ఉంది. టీ కరోనా బొరియాలిస్ లాగే పదే పదే పేలే నోవా. 1890, 1902, 1920, 1944, 1966, 2011. విరామాలు వరుసగా 12, 18, 24, 22, దాదాపు 45 ఏళ్లు! పేలుళ్లు దూరమవుతూ వచ్చిన ఆ కాలంలోనే, మామూలు రోజుల్లో దాని కాంతి కూడా తగ్గుతూ వచ్చింది. ఈ రెంటికీ సంబంధం ఉంది. ఇలాంటి నోవాలో రెండు తారలుంటాయి. ఒకటి శ్వేత కుబ్జం, అంటే ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన తార. జంట తార నుంచి హైడ్రోజన్ వచ్చి దాని మీద పేరుకుంటుంది. ఆ పొర అడుగున ఒత్తిడి, వేడి హద్దు దాటగానే కేంద్రక సంలీనం ఒక్కసారిగా అంటుకుంటుంది. కుండ నిండితే పొర్లుతుంది, నిజమే. ధార ఎప్పుడూ ఒకేలా పడుతుందన్న హామీ మాత్రం లేదు.

ఇక తేదీలు. టీ కరోనా బొరియాలిస్‌లోని రెండు తారలు ఒకదాని చుట్టూ ఒకటి తిరగడానికి దాదాపు 227 రోజులు పడుతుంది. పేలుళ్ల మధ్య కాలం ఆ సంఖ్యకు గుణిజంగా ఉంటుందన్న ఊహతో వచ్చినదే 2025 మార్చి 27. ఒక పరిశోధకుడు సూచనగా రాసినది సందేశాల్లోకి వచ్చేసరికి ఖాయమైపోయింది. ఆ రాత్రి గడిచింది, తార పేలలేదు.

2024లో పేలుతుందన్న అంచనాకు మాత్రం ఇంతకన్నా బలముంది, దాన్ని తీసిపారేయను. 1946కు ముందు ఈ తార కొన్నేళ్లు మామూలుకన్నా ప్రకాశంగా ఉండి, పేలుడుకు ఏడాది ముందు మసకబారింది. 2015 నుంచి మళ్లీ ప్రకాశించి 2023లో మసకబారడంతో ఆశ కలిగింది. కానీ ఆ ఆనవాలు కూడా ఒక్క పేలుడు ముందు చూసినదే. 2024 కూడా పేలుడు లేకుండానే ముగిసింది.

తార అంతమైపోతుందన్నది పూర్తిగా తప్పు. పేలేది పైన పేరుకున్న పొర. శ్వేత కుబ్జం అలాగే ఉంటుంది, కాబట్టే మళ్లీ పేలగలుగుతోంది. పట్టపగలు మాటా అంతే. శిఖరంలో దాని కాంతి సుమారు ధ్రువ నక్షత్రమంత.

నాకు బాధ కలిగించేది ఒకటే. చెప్పిన రాత్రి ఆశగా బయటికి వచ్చినవారు ఏమీ కనిపించక, శాస్త్రవేత్తలు అబద్ధమాడారనుకుని ఇంట్లోకి వెళ్లిపోతున్నారు. ఈ నోవా వచ్చినప్పుడు గంటల్లో శిఖరానికి చేరుతుంది, వారం రోజుల్లో కంటికి అందనంత తగ్గిపోతుంది. తేదీ కోసం కాచుకున్నవారికే అది తప్పిపోయే ప్రమాదం ఎక్కువ. స్వాతి నుంచి అభిజిత్తు వైపు చూపు సాగిస్తే మూడో వంతు దూరంలో చిన్న అర్ధవృత్తం కనిపిస్తుంది. అదే ఉత్తర కిరీటం. అందులో కొట్టొచ్చినట్టు వెలిగేది ఆల్ఫెకా అనే తార ఒక్కటే. ఆ అర్ధవృత్తం అంచున దాదాపు అంతే వెలుగుతో రెండోది కనిపిస్తే, అదే నోవా.