రెండేళ్ల బకాసురుడికి రోజుకు ఎన్ని బండ్లు?

ఏకచక్రపురం వాళ్లు అదృష్టవంతులు. బకాసురుడితో వాళ్లకి స్పష్టమైన ఒడంబడిక ఉండేది: బండెడు అన్నం, రెండు దున్నపోతులు, బండి తోలుకొచ్చిన మనిషి. ఎంత పెట్టాలన్న మీమాంస లేదు. రెండేళ్ల పిల్లవాడున్న ఇంటికి ఆపాటి భద్రత కూడా లేదు. పళ్లెం ఖాళీ చేసి, మూతి కూడా తుడిపించుకోకుండా వంటింటి గుమ్మంలో నిలబడి 'ఆకలి' అంటాడు. పెద్దవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. వీడు నిజంగా ఆకలితో ఉన్నాడా, లేక మనల్ని ఆడిస్తున్నాడా? ఇంత గంభీరమైన ప్రశ్నను లెక్కలు చూడకుండా వదిలేయడం భావ్యం కాదు.

ముందు పిల్లవాడి వైపు వాదన. 12 కిలోల బరువున్న ఆసామికి కిలోకి సుమారు 80 కేలరీల చొప్పున రోజుకు వెయ్యి దాకా కావాలి. పెద్దవాళ్లకి కిలోకి 30 చాలు. ఇంజను లారీది, ట్యాంకు మోపెడ్‌ది. ఆ పొట్టలో పట్టేది కిలోకి 30 గ్రాముల లెక్కన 360 గ్రాములు, పాలతో సహా. వెయ్యి కేలరీలను ఆ సంచిలోకి మూడు పూటల్లో కుక్కడం కుదరదు, ఐదారు సార్లు నింపాల్సిందే. కాబట్టి 'ఇప్పుడే కదరా తిన్నావు' అనే అభియోగం చెల్లదు. ఇప్పుడే తిన్నాడు, నిజమే. మూడు గంటల్లో అయిపోయింది, అదీ నిజమే.

ఎదుటి వాదనా ఉంది. 3 కిలోలతో పుట్టిన శిశువు మొదటి పుట్టినరోజు నాటికి 9 కిలోలు తూగుతుంది. రెండో ఏడాదంతా కలిపి పెరిగేది రెండున్నర కిలోలే. పెరుగుదల నెమ్మదించాక ఆకలీ తగ్గడం మామూలు. అందుకే ఈ వయసు పిల్లలున్న ఇళ్లలో ఎక్కువమంది గిన్నె పట్టుకుని పిల్లల వెనక పరిగెడుతుంటారు. మీరు అల్మారాకి తాళం వెతుకుతుంటారు. వాళ్లు మిమ్మల్ని చూసి అసూయపడతారు, మీరు వాళ్లని చూసి.

ఇక వడ్డన. పిల్లవాడికి ఎన్నేళ్లో ఒక్కో పదార్థం అన్ని టేబుల్ స్పూన్లు. రెండేళ్లకి రెండు స్పూన్ల కూర, రెండు స్పూన్ల పప్పు, రెండు స్పూన్ల పండు ముక్కలు, సగం రొట్టె ముక్క. చూడటానికి బొమ్మల పెళ్లి విందులా ఉంటుంది. కానీ ఇది మొదలుపెట్టే కొలత, హద్దు కాదు. మారు అడిగితే మారు వేయాలి, అది కూడా స్పూనుతోనే. ఖాతా ఎంత త్వరగా నిండుతుందో చూడండి: రోజుకు 480 మిల్లీలీటర్ల వెన్న తీయని పాలు 300 కేలరీలు, ఒక గుడ్డు 70, ఒక అరటిపండు 100. ఇంకా వంట మొదలవకుండానే సగానికి దగ్గరపడ్డాం. అయితే పెట్టింది వేరు, తిన్నది వేరు. నేల మీద, కుర్చీ సందులో, జుట్టులో జమైన మొత్తాన్ని తీసేయాలి. పళ్లెంలో మిగిలింది నిలబడే నోట్లో వేసుకునే భీముడు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు, ఆ పద్దు పిల్లవాడి పేరున రాయకూడదు.

ఏ పూటకా పూట లెక్క చూసి బెంగపడేవాళ్ల కోసం 1991లో అమెరికా పరిశోధకురాలు లీన్ బర్చ్ బృందం రెండు నుంచి ఐదేళ్ల పిల్లల తిండి కొలిచింది. పూటకీ పూటకీ పొంతన లేదు. ఒక పూట కొండ తవ్వినట్టు తింటారు, మరో పూట పళ్లెం మొహం చూడరు. రోజు మొత్తం కూడితే మాత్రం తేడా పది శాతం దగ్గర తేలింది. ఎవరూ నేర్పకుండానే చిట్టా సరిచేసుకుంటున్నారన్నమాట. 2000లో వచ్చిన మరో అధ్యయనంలో పళ్లెంలో ఎక్కువ వడ్డిస్తే ఐదేళ్ల పిల్లలు ఎక్కువ తిన్నారు, మూడున్నరేళ్ల వాళ్లు పట్టించుకోలేదు. పొట్ట మాట వినే విద్య పిల్లలు వెంట తెచ్చుకుంటారు. మన మధ్య పెరిగి మర్చిపోతారు.

ఈ వరసలో పెద్ద సాహసం అమెరికాలో డాక్టర్ క్లారా డేవిస్‌ది. 1926లో మొదలుపెట్టి, అప్పుడప్పుడే తల్లిపాలు మానిన పసివాళ్ల ముందు పళ్లేలు పెట్టి, ఏది కావాలంటే అది, ఎంత కావాలంటే అంత తినమని వదిలేశారు. నర్సు స్పూను పట్టుకుని పక్కనే కూర్చోవాలి, పిల్లవాడు చెయ్యి చాపితే తప్ప కదలకూడదు, 'ఇది బాగుంటుంది కన్నా' అనకూడదు. (ఈ ఒక్క షరతు చాలు, ఇవాళ ఏ ఇంట్లోనూ ఆ ప్రయోగం సాగదని చెప్పడానికి.) ఒకడి పొద్దుటి ఫలహారం అర లీటరు నారింజ రసం, కాస్త కార్జం. ఇంకొకడి రాత్రి భోజనం గుడ్లు, అరటిపండ్లు, పాలు. రికెట్స్‌తో, అంటే ఎముకలు మెత్తబడే జబ్బుతో, వచ్చిన ఒక పిల్లవాడు కాడ్ లివర్ నూనెను (చేప కాలేయం నుంచి తీసేది) ఇష్టంగా తాగి, ఎముకలు బాగుపడ్డాక మానేశాడు. ఇలా 15 మంది పిల్లలు చక్కగా పెరిగారు. ఇది విని, పిల్లలకి అన్నీ తెలుసు అంటూ బిస్కెట్ డబ్బా ఒళ్లో పెట్టేవాళ్లు ఒక్క సంగతి గమనించాలి. ఆ పళ్లేల్లో చక్కెర లేదు, బిస్కెట్ లేదు. స్వేచ్ఛ పిల్లలది, జాబితా డేవిస్‌ది.

ఆహార నిపుణురాలు ఎలిన్ శాటర్ దీన్నే శాఖల పంపకంలా చెప్పారు. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ పెట్టాలి అనే శాఖలు పెద్దవాళ్లవి. ఎంత తినాలి, అసలు తినాలా వద్దా అనేది పిల్లవాడిది. మన ఇళ్లలో మంత్రివర్గం తారుమారైంది. ఏం కావాలో వాడు చెబుతాడు: బిస్కెట్. ఎప్పుడో వాడే చెబుతాడు: ఇప్పుడే. ఎక్కడో కూడా వాడి ఇష్టమే: సోఫా మీద. ఇన్ని శాఖలు ధారపోసి, వాడి ఒక్క శాఖ మనం లాక్కున్నాం: 'ఇంకొక్క ముద్ద', లేదంటే 'ఇంక చాలు, పొట్ట పగులుతుంది'. వాడు ఎప్పుడూ ఆకలి అంటున్నాడంటే చాలాసార్లు చిక్కు ఇక్కడే ఉంటుంది.

ఎందుకంటే చేతిలో ఎప్పుడూ ఏదో ఒకటి ఉన్నవాడికి ఆకలి పూర్తిగా వేయదు, పూర్తిగా తీరదు. భోజనానికి కూర్చున్నప్పుడు సగం తింటాడు, లేచిన అరగంటకి మళ్లీ వస్తాడు. పైగా మనం ఇచ్చేది నిలిచే సరుకు కాదు. ఉత్త బిస్కెట్టు, ఉత్త మరమరాలు, పళ్లరసం చప్పున కరిగి దిగిపోతాయి. కొవ్వు, మాంసకృత్తులు, పీచు ఉంటే పొట్ట నెమ్మదిగా ఖాళీ అవుతుంది. అందుకని చిరుతిండి జంటగా రావాలి: పండుతో పెరుగు, రొట్టెతో గుడ్డు, అరటిపండు మీద పల్చగా రాసిన వేరుశనగ ముద్ద. పల్చగానే రాయాలి, ముద్దగా పెడితే గొంతులో అతుక్కుంటుంది. గింజలు, పాప్‌కార్న్ నాలుగేళ్లు దాటేదాకా వద్దు. ద్రాక్షను నిలువునా నాలుగు చీలికలు చేయాలి. ఇక్కడ మాత్రం వ్యంగ్యం లేదు.

కాలపట్టిక అంటే మూడు భోజనాలు, రెండు మూడు చిరుతిళ్లు, మధ్య రెండున్నర మూడు గంటలు. ఆ మధ్యలో మంచినీళ్లే. మొదటి వారం ఇల్లు దద్దరిల్లుతుంది, రెండో వారానికి పిల్లవాడు గడియారం కనిపెడతాడు.

పాలది ప్రత్యేక కేసు. రోజుకు 480 మిల్లీలీటర్లు దాటనక్కరలేదు. 700 దాటితే మిగతా తిండికి చోటుండదు. పాలలో ఇనుము దాదాపు శూన్యం, వీడికి రోజుకు 7 మిల్లీగ్రాములు కావాలి. ఇనుము తగ్గిన పిల్లలు మట్టి, సుద్దముక్క నోట్లో పెట్టుకోవడం మొదలెడతారు. దాన్ని కూడా మనం ఆకలి ఖాతాలో వేస్తాం.

ఇంతకీ 'ఆకలి' అనే మాటకి అర్థం ఏమిటి? రెండేళ్ల వాడికి ఉన్న మాటలే కాసిని. వాటిలో ఈ ఒక్కటి అంటే పెద్దవాళ్లు ఫోను కింద పెట్టి లేస్తారు. అడగందే అమ్మైనా పెట్టదన్న సామెతను వాడు ఔపోసన పట్టాడు. దాహం వేసినా, నిద్ర ముంచుకొచ్చినా, తోచకపోయినా, ఎత్తుకోవాలన్నా అదే మాట. తేల్చుకునే పద్ధతి సులువు. ముందు నీళ్లివ్వండి. తర్వాత చప్పటిది ఏదైనా, చల్లారిన కూర ముక్కో, పొద్దుటి రొట్టో చూపించండి. తింటే అది ఆకలి, మాట్లాడకుండా పెట్టండి. 'అది కాదు' అంటే అది బిస్కెట్. పెరట్లోకి తీసుకెళ్లగానే మర్చిపోతే అది తోచకపోవడం. జ్వరం తగ్గాక వారం పది రోజులు తెగ తింటే అది బాకీ వసూలు, అడ్డుపడకండి.

బిస్కెట్ డబ్బాను కళ్లెదురుగా పెట్టి వద్దనడం మరీ తప్పు. 1999లో ఫిషర్, బర్చ్ చూపించింది అదే: కనిపిస్తూ అందని తిండి మీదే పిల్లల ధ్యాస పెరుగుతుంది. ఇంట్లోకే తేకపోతే పేచీ సగం తగ్గుతుంది. కాకపోతే అందుకు పెద్దవాళ్లు త్యాగం చేయాలి.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా ఆకలి తీరడం లేదనిపిస్తే చూడాల్సింది పళ్లెం కాదు, గ్రోత్ చార్ట్, అంటే వయసుకి తగ్గ బరువుల గీతలున్న పట్టిక. బరువు గీత తన దారిన తాను వెళ్తుంటే వాడు భోజనప్రియుడు, అంతే. పై గీతలను ఒక్కొక్కటే దాటుకుంటూ పోతుంటే డాక్టరుకి చూపించాలి. తెగ తింటూ, తెగ నీళ్లు తాగుతూ, మాటిమాటికీ మూత్రానికి వెళ్తూ బరువు తగ్గుతుంటే అది మధుమేహం కావచ్చు, ఆ రోజే వెళ్లాలి. పుట్టినప్పుడు ఒళ్లు తోటకూర కాడలా వేలాడి, పాలు తాగలేక, ఇప్పుడు ఎంత తిన్నా తృప్తి లేకపోతే ప్రాడర్ విల్లీ అనే అరుదైన జన్యు సమస్య గురించి అడగాలి.

ఇక మిగిలింది రాత్రి ఆకలి. దీపం ఆర్పగానే పుడుతుంది. పడుకోవడానికి గంట ముందు ఆఖరి చిరుతిండి, రోజూ ఒకటే, ఏ మాత్రం ఆకర్షణ లేనిది, కూర్చోబెట్టి పెట్టండి. తర్వాత పళ్లు తోమించండి. ఆపైన 'ఆకలి' అంటే ఒకే సమాధానం, ఒకే గొంతుతో: 'పొద్దున్నే తిందాం నాన్నా, నీళ్లు తాగుతావా?' నాలుగైదు రాత్రుల నిరసన తర్వాత ఆకలి అర్జీ ఆగిపోయి దాహం అర్జీ వస్తుంది. దాన్ని మంజూరు చేసిన కాసేపటికి ఉచ్చ అర్జీ దాఖలవుతుంది. దాన్ని మాత్రం పొద్దుటికి వాయిదా వేయకండి.