మేకులు కొట్టరాదు

గత ఆదివారం ఒక పత్రిక అనుబంధంలో రెండు పేజీల వ్యాసం వచ్చింది. 'చిన్న బడ్జెట్‌లో పెద్ద అందం: విద్యార్థి గదిని స్వర్గంగా మార్చే చిట్కాలు' అని పేరు. పక్కన ఫొటో. ఫొటోలో గోడంత కిటికీ, కిటికీలోంచి ఎండ, ఎండలో తెల్లటి పరుపు, పరుపు మీద ఒక అమ్మాయి, అమ్మాయి చేతిలో కాఫీ కప్పు. చదువుకునే పిల్లే అని మనం నమ్మాలి కాబట్టి మూడు పుస్తకాలు కూడా పెట్టారు. మూడింటి అట్టలూ దిండు గలీబు రంగుతో సరిగ్గా కలిశాయి. మొత్తం ఖర్చు కేవలం ఐదు వేల రూపాయలట.

ఆ 'కేవలం' దగ్గరే నాకు పేచీ. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో మా మేనల్లుడి గది అద్దె ఏడున్నర వేలు. ముగ్గురు పంచుకుంటారు. అంటే వ్యాసం రాసినవారు 'కేవలం' అని తేల్చేసింది మావాడు రెండు నెలలు తల దాచుకునే సొమ్ము. ఆ డబ్బు పెట్టి మినుకుమినుకుమనే దీపాల తోరణం కొనుక్కుని, దాని వెలుగులో ఫుట్‌పాత్ మీద పడుకోమని కాబోలు సలహా. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అన్నారు పెద్దలు. సంపెంగ నూనె ఎంతకు దొరుకుతుందో చెప్పే వ్యాసం అప్పటికింకా రాలేదు, పాపం.

అయినా నిపుణుల మాట తీసిపారేయకూడదు కదా. ఆ రెండు పేజీలూ మడిచి జేబులో పెట్టుకుని బయల్దేరాను. ఆ రోజు ఎలాగూ వాడి దగ్గరికి వెళ్లవలసిన పని ఉంది. మర్నాడు గది ఖాళీ చేస్తున్నాడు. రాంనగర్‌లో ఇంకాస్త తక్కువ అద్దెకు ఇంకో గది దొరికిందట.

మెట్ల దగ్గరే ఇంటి యజమాని ఆశయాలు ఆకుపచ్చ పెయింటుతో రాసి ఉన్నాయి. 'గేటు రాత్రి పదిన్నరకు మూయబడును. బంధుమిత్రులు బస చేయరాదు. మాంసాహారం వండరాదు. మేకులు కొట్టరాదు.' మొదటి మూడూ ఏదో లోకరీతిగా రాసినట్టున్నాయి. నాలుగోదాని కింద మాత్రం రెండు గీతలున్నాయి. ఆయన హృదయం అక్కడ ఉంది.

గదిలో చాప మీద కూర్చుని వ్యాసం పైకి చదవడం మొదలుపెట్టాను. కుర్రాళ్లు ముగ్గురూ సామాను సర్దుతూనే శ్రద్ధగా విన్నారు. పోటీ పరీక్షలకు చదివేవాళ్లు, ఏదైనా శ్రద్ధగానే వింటారు.

'ముందుగా ఒక గోడను ఎంచుకుని దానికి గాఢమైన రంగు వేయండి.' ఎంచుకుందామని నలుగురం చుట్టూ చూశాం. ఒక గోడ గోడే కాదు, ప్లైవుడ్ చెక్క. ఒకప్పుడు హాలుగా పుట్టిన దాన్ని మూడు గదులు చేసి మూడు అద్దెలు పుట్టించిన చెక్క అది. దాని అవతలి ముఖం పక్కగది వాళ్లది. వాళ్ల ఫోను అలారం నాలుగింటికి మోగితే వీళ్లు లేస్తారు. రెండో గోడలో తలుపు, మూడో గోడలో కిటికీ. మిగిలింది నాలుగోది. దాన్ని చెమ్మ ముందే ఎంచుకుంది.

ఆ చెమ్మ మీద వీళ్లు భారతదేశ పటం తగిలించారు. చదువుకు చదువు, అలంకరణకు అలంకరణ. వానాకాలం వచ్చేదాకా బాగానే ఉంది. జూలైలో లక్షద్వీప్ మునిగింది. ఆగస్టులో గుజరాత్ ఉబ్బింది. సెప్టెంబర్ నాటికి థార్ ఎడారి పూర్తిగా తడిసి, ముట్టుకుంటే వేలికి అంటుకుంటోంది. వాతావరణ శాఖ దీన్ని ఎక్కడా నమోదు చేయలేదు. పటం తీసేద్దామా అంటే వెనక ఉన్నది కనిపిస్తుంది. అందుకని దేశాన్ని అలాగే ఉంచారు.

'సహజ కాంతిని లోపలికి ఆహ్వానించండి.' ఆహ్వానించడానికి మావాళ్లకు అభ్యంతరం లేదు. రావడానికి దానికే దారి లేదు. కిటికీ తెరిస్తే జానెడు సందు, సందు అవతల పక్క భవనం. చెయ్యి చాపితే పక్కింటివాళ్ల బాత్రూము గొట్టాన్ని ఆప్యాయంగా నిమరవచ్చు. మే నెలలో ఎండ కాసేపు వస్తుందని ఒకడన్నాడు. రాదు, అది పక్కింటి స్టీలు ట్యాంకు మీద పడి తిరిగొచ్చే వెలుగని ఇంకొకడు సరిదిద్దాడు. వాడు సైన్సు చదివినవాడు.

ఆ కిటికీకి ఒక తెర ఉంది. ఆకుపచ్చ నూలు చీర, సన్నటి ఎర్ర అంచు. మా అక్కయ్యది. మావాడు దాన్ని రెండుగా మడిచి, పై అంచు కుట్టి, అందులో తాడు దూర్చి కట్టాడు. చెంగు వైపు ఉతికినా పోని పసుపు మరక ఉంది. వ్యాసంలో దీనికి 'అప్‌సైక్లింగ్' అని పేరు పెట్టి, ఇదొక కొత్త జీవనశైలి అని రాశారు. మన ఇళ్లలో చీర ఉయ్యాల అవుతుంది, ఉయ్యాల బొంత అవుతుంది, బొంత చిరిగితే మసిగుడ్డ అవుతుంది. ఇన్ని అవతారాలు ఎత్తినా దానికి ఎవరూ శైలి అని పేరు పెట్టలేదు. పెట్టి ఉంటే మా అక్కయ్య ఈపాటికి నాలుగు సెమినార్లలో మాట్లాడి వచ్చేది.

'ఖాళీ గాజు సీసాల్లో మనీప్లాంటు పెంచండి.' ఇది చదవగానే ముగ్గురూ ఒకేసారి తలుపు వైపు చూశారు. బ్రహ్మచారుల గదిలో గాజు సీసా కనబడితే అందులో మొక్క ఉందా, తులసితీర్థం ఉందా అని ఆగి చూసే యజమాని ఈ నగరంలో ఇంకా పుట్టలేదు.

'చదువుకునే మూలను ప్రత్యేకంగా తీర్చిదిద్దండి.' వ్యాసం మొత్తంలో నన్ను ముగ్ధుణ్ణి చేసిన వాక్యం ఇదే. అశోక్‌నగర్ కుర్రాడు గదిలో చదువుకుంటాడని ఎవరు చెప్పారు వీళ్లకు? గదిలో గాలి ఆడదు. అందుకే వీధికో రీడింగ్ రూము వెలిసింది. నెలకింత అని కడితే ఒక కుర్చీ, ఒక బల్ల, ఒక ప్లగ్గు. అది కట్టలేనివాడు పొద్దున్నే వెళ్లి చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో చోటు పట్టుకోవాలి. పడుకునే చోటుకు ఒక అద్దె, కూర్చునే చోటుకు ఇంకొక అద్దె. నిలబడే చోటుకు ఇంకా పెట్టలేదు. ఈ మాట ఇంటి యజమానుల చెవిన పడకుండా చూడాలి.

ఇక పాత సామాను. 'సెకండ్ హ్యాండ్ దుకాణాల్లో అపురూపమైన వస్తువులు దొరుకుతాయి, ఓపికగా వెతకండి' అన్నారు. వెతకడమెందుకు, అక్కడ వస్తువే మనిషిని వెతుక్కుంటూ వస్తుంది. రాతపలక ఉన్న కుర్చీ, మడతమంచం, బకెట్, పాత పాలిటీ పుస్తకం, అన్నీ ఒకరి నుంచి ఇంకొకరికి దిగుతూ ఉంటాయి. ఉద్యోగం వచ్చినవాడు ఊరికే ఇచ్చేసి పోతాడు. రానివాడు బేరమాడి అమ్ముకుని పోతాడు. మావాడు తన కుర్చీని మూడు వందల యాభైకి కొన్నాడు.

'గోడ మీద మీ వ్యక్తిత్వాన్ని చాటే కళాఖండం ఒక్కటైనా ఉండాలి.' ఒక్కటేమిటి, మావాడి గోడకు వరసగా క్యాలెండర్లే ఉన్నాయి. కిరాణా కొట్టువాళ్లు సంక్రాంతికి ఊరికే ఇచ్చినవి. తిథి, వర్జ్యం, రాహుకాలం అన్నీ ఉన్నవి. ఏడాది మారినా పాతది తీయకుండా దాని మీదే కొత్తది తగిలించాడు. ఆ రాత్రి దించుతుంటే ఒక్కొక్కటే తిప్పి చూశాను.

2023 ఆగస్టు 29, 30 చుట్టూ ఎర్రసిరాతో సున్నా. గ్రూప్-2, తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష. దాని మీద అడ్డగీత, వాయిదా పడిందని. నవంబర్ 2, 3 చుట్టూ సున్నా. అడ్డగీత. 2024 జనవరి 6, 7. అడ్డగీత. ఆగస్టు 7, 8. అడ్డగీత. డిసెంబర్ 15, 16 మీద మాత్రం గీత లేదు. కానీ ఆ సున్నా ఎర్రసిరాతో పెట్టింది కాదు, పెన్సిలుతో పెట్టింది.

గ్రూప్-1 కథ ఇంకా కింది క్యాలెండర్‌తో మొదలవుతుంది. 503 పోస్టులకు 2022 ఏప్రిల్‌లో ప్రకటన వచ్చింది. అక్టోబర్ 16న ప్రిలిమ్స్, అంటే తొలి వడపోత పరీక్ష, రాశాడు. ప్రశ్నపత్రాలు బయటికి పొక్కాయని 2023 మార్చిలో రద్దు చేశారు. జూన్ 11న మళ్లీ రాశాడు. అభ్యర్థుల వేలిముద్రలు తీసుకోలేదని సెప్టెంబర్‌లో హైకోర్టు అదీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో అసలు ప్రకటననే రద్దు చేసి 563 పోస్టులతో కొత్తది ఇచ్చారు. నిజానికి మావాడు ఈ గది తీసుకున్నది ఆరు నెలలకని.

వాయిదా వేసినవాళ్లలో ఒక్కరైనా ఆ నెల అద్దె కట్టారా? ప్రశ్నపత్రం అమ్ముకున్న దొంగ కట్టాడా, దాన్ని కాపలా కాయలేని దద్దమ్మలు కట్టారా? ఒక సంతకంతో పరీక్షను నాలుగు నెలలు వెనక్కి జరిపితే మావాడి వంతు అద్దె పదివేలు. అది మా అక్కయ్య కట్టింది, రెండు గేదెల పాలు కేంద్రంలో పోసి. ఆ ఊళ్లో ఆవిడ కొడుకు 'ఇంకా చదువుతూనే ఉన్నాడు' అని నవ్వేవాళ్లకు ఆవిడే జవాబు చెప్పుకుంది. పిల్లల ఇరవైలు నాలుగేళ్లు ఎత్తుకుపోయి, ఇప్పుడు పత్రికల్లో వాళ్లకు తోరణాలు కట్టుకోమని చెబుతున్నారు. మనసు ఉల్లాసంగా ఉంటుందట! సిగ్గుండాలి.

సరే. అర్ధరాత్రి కావస్తోంది, అసలు పని మిగిలింది. క్యాలెండర్లూ, పటమూ, దండెమూ, అద్దమూ దించాక గోడలకు పదకొండు రంధ్రాలు బయటపడ్డాయి. మేకులు కొట్టరాదు అన్న ఇంట్లో పదకొండు.

బ్రహ్మచారుల వాస్తుశాస్త్రంలో దీనికి ఒకటే పరిహారం: టూత్‌పేస్టు. రంధ్రంలోకి పిండి, పాత బస్ పాసు అంచుతో నున్నగా గీకి, తడిగుడ్డతో ఒకసారి తుడిస్తే సున్నపు గోడలో కలిసిపోతుంది. మావాడి చెయ్యి ఎంత కుదురుగా సాగిందంటే, నాకు వాడి మీద మొదటిసారిగా ధైర్యం కలిగింది, ఏ ఉద్యోగం రాకపోయినా మేస్త్రీగా బతకగలడని. పదో రంధ్రం దగ్గర ట్యూబు అయిపోయింది. చుట్ట చుట్టి, మోకాలి కింద పెట్టి నొక్కినా రాలేదు. అంత రాత్రి కొట్లెక్కడుంటాయి? సైన్సు చదివినవాడు తన ట్యూబు ఇచ్చాడు. అది నీలం రంగు జెల్లు.

'చీకట్లో తెలియదులే' అనుకుని పదకొండోది దానితో పూడ్చి పడుకున్నారు.

పొద్దున ఏడింటికే యజమాని వచ్చాడు. తెల్ల లుంగీ, చేతిలో ఫోను, ఫోనుకు టార్చి. గుమ్మంలోనే ఆగి గాలి పీల్చాడు.

'ఏమిటి బాబూ, గదంతా పుదీనా వాసన?'

'పళ్లు తోముకున్నాం అంకుల్' అన్నాడు మావాడు. ముగ్గురు తోముకుంటే రావలసిన వాసన కన్నా అది ఎక్కువగా ఉందన్న సంగతి ఆయనా గ్రహించాడు.

టార్చి గోడల మీద నడిచింది. పురావస్తు శాఖవారు గుహల్లో కూడా ఇంత భక్తితో వెలుగు వేసి ఉండరు. ప్లైవుడ్ దాటింది, తలుపు దాటింది, తడిసిన దేశం తాలూకు మచ్చ దగ్గర ఒక్క క్షణం కూడా ఆగలేదు. ఆ మచ్చ ఇంటిది, మేకు మనది. చివరికి అద్దం ఉన్నచోట ఆగింది. అక్కడ, రంగు వెలిసిన గోడ నడుమ, నీలమేఘశ్యామ వర్ణంలో ఒక చుక్క తళతళ మెరుస్తోంది. రాత్రంతా ఆరలేదు. ఆయన చిటికెనవేలితో తాకాడు. వాసన చూశాడు. తల ఊపాడు.

'నేనూ ఇదే వాడతాను' అన్నాడు.

ఇక మిగతా పదీ బయటపడడానికి ఎంతసేపు? వేలితో నొక్కుకుంటూ పోయాడు, డాక్టరు పొట్ట నొక్కి చూసినట్టు. ఒక్కొక్కటీ పలికింది. అడ్వాన్సు పదిహేను వేలు. అందులో రంగుల కింద ఒక నెల అద్దె, ఏడున్నర వేలు, ఎలాగూ పోతుంది. అది నగరంలో ఆచారం, దాని మీద ఎవరూ నోరెత్తరు. మేకులకు మాత్రం వేరే లెక్క, ఒక్కోదానికి వంద. నేను ఉండబట్టలేక అడిగాను.

'రంగులకు తీసుకుంటున్నారు కదండీ, మళ్లీ రంధ్రాలకు వేరేనా?'

ఆయన నన్ను జాలిగా చూశాడు. 'రంగు పైది సార్, రంధ్రం లోపలిది.'

ద్వైతాన్ని ఇంత క్లుప్తంగా ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. ఆరువేల నాలుగు వందలు లెక్కపెట్టి ఇచ్చాడు. అందులో ఒక యాభై నోటుకు మూల చిరిగి ఉంది.

ఆటోలో సామాను ఎక్కిస్తుండగానే కొత్త కుర్రాళ్లు ఇద్దరు దిగారు. ఒకడి చంకలో చుట్టిన పటం. ఇంకొకడి చేతిలో ఆవకాయ జాడీ, అమ్మ కట్టిన గుడ్డ కట్టినట్టే ఉంది. రంగులు వేసేదెప్పుడని నేను యజమానిని అడగబోయేలోపే ఆయన వాళ్లకు తాళంచెవి ఇచ్చేసి, మెట్ల దగ్గర రాసినది చదువుకోమని వేలు చూపించాడు. వాళ్లు బుద్ధిగా చదువుకున్నారు.

మావాడు ఆటో దిగి వెనక్కి వెళ్లాడు. పటం ఉన్నవాణ్ణి పక్కకు పిలిచి ఏదో చెప్పాడు. వచ్చి కూర్చున్నాక ఏం చెప్పావురా అని అడిగాను.

'ఏం లేదు మామయ్యా. జెల్లు మాత్రం కొనకు తమ్ముడూ, తెల్లదే కొను అన్నాను.'