అమ్మమ్మ, అమ్మ, మనవరాలు ఒకే చాప మీద

బైబిల్‌ను ఆడవాళ్ల వైపు నుంచి చదివే "స్త్రీవాద వేదాంతం ఇక కొత్త తరానిదే, పెద్దవాళ్లకు ఎక్కదు" అని ఒక వ్యాసంలో రాశారు. ఆ మాట ఒప్పుకోలేను. శ్రీకాకుళం జిల్లా పల్లె క్రైస్తవ సంఘాల్లో బైబిల్ వాక్యమూ కీర్తనలూ కంఠతా వచ్చిన అమ్మమ్మలు ఎందరో. చిక్కల్లా బైబిల్ చదివే కూటం మొదలవగానే పుస్తకం తెరిచి చదవమనడంలో ఉంది. అక్షరం రానివాళ్లు ఇక నోరు మెదపరు.

తిరగేసి చెయ్యండి. పదిపన్నెండు మంది, గంటన్నర చాలు. బైబిల్లో పౌలు రోమా సంఘానికి రాసిన పత్రిక 16వ అధ్యాయం తీసుకోండి. మొదటి 20 నిమిషాలు పుస్తకం మూసే ఉండాలి, అందులో మొదట వచ్చే ఫీబే అనే స్త్రీ ఎవరో పెద్దలు గుర్తున్నంత చెప్పాలి. తర్వాత ఆడపిల్లలు గట్టిగా చదవాలి. మన తెలుగు బైబిల్లో ఆమె 'పరిచారకురాలు'. గ్రీకులో ఆ మాట డియాకొనొస్. ఫిలిప్పీ పత్రిక 1:1లో సంఘ నాయకులైన అధ్యక్షుల పక్కన కనిపించే 'పరిచారకులు' కూడా అదే మాట. రెండూ పక్కపక్కన పెట్టి, "మరి మన సంఘంలో ఆ పదవి ఆడవాళ్లకు ఉందా?" అని అడిగి ఊరుకోండి. జవాబుకు తొందరపెట్టొద్దు. రోమా 16 ఏడో వచనంలోని యూనీయ అనే మరో స్త్రీని పై వారానికి ఉంచండి, ఒకే రోజు ఇద్దరినీ పెడితే ఏదీ నిలవదు.

పాస్టరుగారు మధ్యలో వివరణ ఇస్తే చర్చ అక్కడితో సరి. ఆయన్ని చివరి 10 నిమిషాలకే పిలవాలి. వరి ఉడుపుల రోజుల్లో, పలాస వైపైతే జీడిపిక్కల పని ముమ్మరంగా ఉన్నప్పుడు, పగటి కూటం వద్దు. కూలి మానుకుని ఎవరొస్తారు?

2013లో నంద్యాలలో పుష్పలలిత గారు సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) తొలి మహిళా బిషప్ అయ్యారు. ఆ సంగతి పిల్లలకే కాదు, పెద్దలకూ చెప్పండి.