సిరిమాను అంత ఎత్తున ఉండేది అందరికీ కనబడాలనే

ఈ ఏడాది విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి మా అమ్మని తీసుకెళ్లాను. తిరిగొచ్చిన దగ్గర్నుంచీ మనసు మనసులో లేదు, అందుకే రాస్తున్నాను.

అమ్మకి 70 దాటాయి. పెళ్లయి ఈ జిల్లాకి వచ్చినప్పటి నుంచీ దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లమ్మ దగ్గర ఉండాల్సిందే. మోకాళ్ల నొప్పులతో రెండేళ్లు ఆగింది. ఈసారి మాత్రం "ఒకపాలి చూసొచ్చేద్దాం నాన్నా" అంటే కాదనలేకపోయాను. సిరిమాను, అంటే కొసన పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను, కదిలేది సాయంత్రం పూటే అయినా మధ్యాహ్నానికే మూడు లాంతర్ల కూడలి దగ్గరికి చేరిపోయాం. ఆ ఎదురుచూపు నాకు చాలా ఇష్టం. ముందురోజు జరిగే తొలేళ్ల వేడుకకి వచ్చి, అక్కడ పంచే అమ్మవారి విత్తనాలు కొంగున కట్టుకుని, రాత్రి రోడ్డు పక్కనే పడుకుని ఉండిపోయిన రైతు కుటుంబాలు మా చుట్టూ ఉన్నాయి. ఒకావిడ తన తువ్వాలు మడతపెట్టి అమ్మకి అరుగు మీద వేసింది. ఏ ఊరని అడగడంతో మొదలై ఆవిడ కోడలి పురుడు దాకా వెళ్లాయి కబుర్లు.

మూడు గంటలు దాటాక పరిస్థితి మారింది. మాకు ఎదురుగా రోడ్డుకి ఆనించి ఒక వేదిక కట్టారు. షామియానా, సోఫాలు, పాసు ఉన్నవాళ్లకే ప్రవేశం. గుడికీ కోటకీ మధ్య దారి ఏమంత వెడల్పు? అందులో వేదిక కొంత తినేసింది, దాని ముందు బారికేడ్లు ఇంకొంత తినేశాయి. మిగిలిన చోట మేమందరం. ముందునుంచి తాడు పట్టుకుని వెనక్కి నెడుతున్నారు, వెనక సందుల్లోంచి వచ్చేవాళ్లు ముందుకి నెడుతున్నారు. కాసేపటికి నా చేతులు పైకి లేవలేదు. అమ్మ మొహం పాలిపోయింది. పక్కనున్న ఒకాయన "అమ్మా, ఇటొచ్చేయండి" అని గోడకి రెండు చేతులూ ఆనించి, తన ఒంటితో అమ్మ చుట్టూ కాస్త చోటు చేశాడు. ఆయన పేరు కూడా అడగలేకపోయాను. ఆ టెన్షన్ తలుచుకుంటే ఇప్పటికీ చెమటలు పడుతున్నాయి.

తొక్కిసలాట అంటే కింద పడి కాళ్ల కింద నలిగిపోవడమే అనుకుంటాం. చాలాసార్లు మనుషులు నిలబడి ఉండగానే, ఛాతీ కదలక, ఊపిరాడక పోతారు. ఒక చదరపు మీటరులో నలుగురైదుగురు దాటారంటే ప్రమాదం మొదలైనట్టే. ఆరేడుగురయ్యారంటే ఎవరి అడుగూ వాళ్ల వశంలో ఉండదు, జనం మొత్తం నీళ్లలా ఊగుతారు. 2015 జూలై 14న రాజమండ్రి పుష్కర ఘాట్ దగ్గర ఏం జరిగిందో మనం మరిచిపోయామా? అక్కడ పోయినవాళ్లూ మా అమ్మలాగే దణ్ణం పెట్టుకుందామని వచ్చినవాళ్లే.

సిరిమాను అంటే 50 అడుగులు దాటిన చింతమాను. దాని కొసన పూజారి కూర్చుంటారు, అమ్మవారే అక్కడ కూర్చుందని మన నమ్మకం. అంత ఎత్తు ఎందుకు? నాకు తోచింది ఒక్కటే, వెనక వరసలో చంటిబిడ్డని ఎత్తుకుని నిలబడ్డ మనిషికి కూడా కనబడాలని. ఇంత ఎత్తున తిరిగే అమ్మని చూడటానికి పాసు దేనికి? వేదిక దేనికి? విజయనగరం రాజవంశం పూసపాటి వారు కూడా కోట బురుజు మీంచే చూస్తారు. బురుజు దారిలో చోటు తినదు. సిరిమాను ముందు నడిచేది ఎవరో చూడండి. పాలధార, తెల్ల ఏనుగుతో పాటు జాలర్ల వల ఉంటుంది. పెద్దచెరువులోంచి అమ్మవారిని బయటికి తీసిన చేతుల గుర్తు అది. రాజుగారి ఆడపడుచే అమ్మవారై వెలిసిందని చెప్పుకుంటాం, అయినా ఊరేగింపులో గౌరవం వలకిచ్చారు. ఆ మర్యాద తెలిసిన ఊరు మనది.

మొదటిసారి సిరిమాను మా ముందునుంచి వెళ్లినప్పుడు సిరిమాను వైపు మొక్కుగా విసరాలని అమ్మ పట్టుకున్న అరటిపండు చేతిలోనే ఉండిపోయింది. విసరడానికి చెయ్యి లేస్తే కదా. నాకు ఏడుపొచ్చింది. సిరిమాను గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది కాబట్టి సరిపోయింది. రెండో తిరుగుడుకి వేదిక మీద సగం సోఫాలు ఖాళీ, ఫొటోలు తీసుకుని వెళ్లిపోయారు. బారికేడ్లు మాత్రం అలాగే ఉన్నాయి, వాటి ఇవతల మేమూ అలాగే ఉన్నాం. ఖాళీ కుర్చీల కోసం మనుషుల్ని నలిపేయడం నేను కళ్లారా చూశాను. మూడో తిరుగుడుకి జనం కాస్త పల్చబడ్డాక అమ్మ పండు విసిరింది. సగం దూరం కూడా వెళ్లలేదు, అయినా రెండు చేతులూ జోడించి చాలాసేపు అలాగే నిలబడింది.

ఏర్పాట్లు చూసేవాళ్లని అడుగుతున్నాను. దారిని ఆనుకుని ఒక్క వేదిక కూడా కట్టకండి. ఆ చోటు ముసలివాళ్లకీ చంటిపిల్లల తల్లులకీ వదలండి. ప్రతి సందు మొదట్లోనూ జనం బయటికి పోయే దారి తెరిచి ఉంచండి. మూడుసార్లు తిరుగుతుందని, తోసుకోవద్దని మైకులో మధ్యాహ్నం నుంచే చెబుతూ ఉండండి. ఊళ్ల నుంచి వచ్చినవాళ్లలో చాలామందికి ఆ ఒక్క మాటతోనే కంగారు తగ్గుతుంది. పాసులు సంపాదించుకునే స్నేహితులారా, మీకూ ఒక మాట. వచ్చే ఏడు ఆ పాసు వద్దనండి, మాతో కింద నిలబడండి. అమ్మవారు అక్కడినుంచి కూడా బాగానే కనబడుతుంది.