ఏనుగుల వెనక నేను

మా బావమరిదికి షేర్ మార్కెట్ బాగా తెలుసు. అంటే, నాకంటే రెండేళ్ళు ముందుగా డబ్బు పోగొట్టుకున్నాడు. 2024 అక్టోబరులో నేనూ దిగుతున్నానని తెలిసి ఫోన్లో ఉపదేశం చేశాడు: "బ్యాలెన్స్ షీట్లు మనకెందుకు బావా? పెద్దవాళ్ళ డబ్బు ఎటు పోతోందో చూడు. ఏనుగు నడిచిందే దారి."

అప్పట్నుంచి నాకు సాయంత్రం దీపం పెట్టే వేళకి ఎఫ్‌ఐఐ, డీఐఐ లెక్కలు, అంటే విదేశీ, దేశీ సంస్థలు ఆ రోజు ఎంత కొన్నాయో, ఎంత అమ్మాయో చూడందే కాఫీ దిగేది కాదు. ఆ నెలలో విదేశీ సంస్థలు లక్ష కోట్లకు పైగా అమ్మేశాయి. మన దేశీ సంస్థలు ఇంచుమించు అంతా కొనేశాయి. రెండూ ఏనుగులే, ఒకటి తూర్పుకి, ఒకటి పడమటికి. నేనెటు పోను?

"మొత్తం లెక్క కాదు బావా, బల్క్ డీల్స్ చూడు" అన్నాడు. ఒక కంపెనీ షేర్లలో అర శాతానికి మించి ఎవరైనా ఒక్కరోజులో కొన్నా అమ్మినా, ఆ సాయంత్రమే వాళ్ళ పేరుతో సహా ఎక్స్ఛేంజీ బయటపెడుతుంది.

చూశాను. ఓ చిన్న కంపెనీలో పన్నెండు లక్షల షేర్లు, 'బయ్' అని ఉంది. కొన్న సంస్థ పేరు ఎంత పొడుగంటే ఫోన్లో రెండు లైన్లు పట్టింది. అంత పేరున్నవాళ్ళు ఊరికే కొంటారా? మర్నాడు తొమ్మిదింబావుకల్లా నలభై వేలు పెట్టేశాను. పదింటికి నేనూ ఆ సంస్థలో భాగస్వామినే అనిపించింది. మూడో రోజు లోయర్ సర్క్యూట్, అంటే ఒక్కరోజులో ఎంతవరకు పడనిస్తారో అంతా పడింది. అమ్ముదామంటే కొనే నాథుడు లేడు.

స్పీకర్ పెట్టి బావమరిదికి ఫోన్ చేశాను.

"ఆ రోజు డెలివరీ ఎంతో చూశావా?"

"డెలివరీ ఎవరికండీ?" అంది మా ఆవిడ, గోరుచిక్కుడుకాయల ఈనెలు తీస్తూ.

చూస్తే తొమ్మిది శాతం. అంటే చేతులు మారినవాటిలో ఇంటికెళ్ళినవి అంతే.

"ఆ లిస్టు ఇంకాస్త కిందికి జరుపు బావా."

జరిపాను. అదే పొడుగు పేరు. అదే తేదీ. అవే పన్నెండు లక్షలు. పక్కన 'సెల్'. పొద్దున కొని సాయంత్రానికి వదిలించుకున్నారు. పైసల తేడా కోసం కంప్యూటర్లు ఆడే ఆటట. నా వేలు ఒక్క అంగుళం ముందు ఆగింది, అంతే.

"ఇంతకీ ఆ దేశీ సంస్థలంటే ఎవరండీ?" మా ఆవిడ మళ్ళీ.

"మ్యూచువల్ ఫండ్లు, ఎల్ఐసీ, అలాంటివి."

"నేను నెలనెలా మూడు వేలు సిప్ కడతానే, అదీ అందులోకేనా?"

"ఆఁ... అదీ అందులోకే."

చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది. "అయితే నెల్లాళ్ళుగా మీరు లెక్కలేసుకుంటున్నది నా డబ్బు ఎటు పోతోందనా? నన్నే అడిగితే చెప్పేదాన్నిగా!"

ఫోన్ ఇంకా స్పీకర్లోనే ఉంది. అవతల బావమరిది దగ్గు వచ్చినట్టు నటిస్తున్నాడు.